‘పదవీకాల పరిమితి’ అంటే దేనికి పరిమితి?

ప్రశ్న: న్యూయార్క్ నుంచి ఒక సభ్యురాలు

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం పత్రిక కోసం ఇక్కడి సిటీ కౌన్సిల్ గురించి వ్యాసం రాస్తున్నాను. కౌన్సిల్‌లో 51 మంది సభ్యులు. ఎవరూ వరుసగా రెండుసార్లకు మించి పదవిలో ఉండకూడదని నియమం. పత్రికల్లో చూసిన అలవాటుతో ‘కౌన్సిల్ సభ్యులకు పదవీకాల పరిమితి’ అని శీర్షిక పెట్టాను. చిత్తుప్రతి చూసిన మా మామగారు "పదవికి గడువు ఎక్కడైనా ఉండేదే కదమ్మా, ఇందులో విశేషం ఏముంది?" అన్నారు. సమాధానం చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో ‘టర్మ్ లిమిట్’ అనే దీనికి తెలుగులో సరైన మాట ఏది?

జవాబు: పత్రిక డెస్కులో పనిచేసి రిటైరైన సభ్యుడు

మీ మామగారు తెలుగు చదివినట్టే చదివారమ్మా. పదవీకాలం అనే మాటకు మనకు స్థిరపడిన అర్థం ఉంది. ఒకసారి గెలిస్తే ఎంతకాలం కుర్చీలో ఉంటారన్నదే అది. రాజ్యాంగం 243యు అధికరణం పురపాలక సంఘాలకు ఐదేళ్లు ఇచ్చింది. ఆ ఐదేళ్లూ పోలింగ్ రోజు నుంచి కాదు, మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి లెక్క. గ్రేటర్ హైదరాబాద్‌కు 2020 డిసెంబర్ 1న పోలింగ్ జరిగింది, కొత్త పాలకవర్గం కొలువుతీరింది 2021 ఫిబ్రవరి 11న. ఆ రెండు నెలలూ ‘పదవీకాలం ఎప్పుడు మొదలు’ అన్న వార్తలు ఎన్ని దిద్దామో! కాబట్టి ‘పదవీకాల పరిమితి’ అనగానే తెలుగు పాఠకుడికి ఆ ఐదేళ్లే గుర్తుకొస్తాయి. ఒక మనిషి ఎన్నిసార్లు రావచ్చన్న పరిమితి మన మునిసిపల్ చట్టాల్లో లేదు. జనం ఓటేసినంత కాలం ఒకే కార్పొరేటర్ ముప్పై ఏళ్లు ఉండవచ్చు. అందుకే ఆ మాట అవసరం మనకు రాలేదు.

‘విడత’ మాత్రం వాడకండి. మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు అంటే పోలింగ్ మూడు రోజులు జరిగిందని అర్థం. ‘దఫా’ మంచి మాటే. అయితే నైజాం కాలపు ఉర్దూ కాగితాల్లో దఫా అంటే చట్టంలో సెక్షన్. చట్టం గురించి రాసే వ్యాసంలో పాతతరం వారికి అది తగులుతుంది. నా ఓటు ‘పర్యాయం’కే.

జవాబు: మరొక సభ్యుడు

ఇంత చర్చ ఎందుకండీ, టర్మ్ అని రాసేయండి. మా వార్డు సభ్యుడు కూడా ‘రెండు టర్ములు చేశాను’ అనే అంటాడు. రైతుబజారులో కూడా అందరికీ తెలిసిన మాట.

జవాబు: డెస్కు సభ్యుడు

వాక్యంలో టర్మ్ అన్నా నాకు అభ్యంతరం లేదు. శీర్షికలో ‘టర్మ్ పరిమితి’ అని పెట్టి చూడండి, మామగారి ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. అసలు ఇబ్బంది పరిమితి అన్న మాటతో. దేనికి పరిమితి అన్నది ఆ సమాసంలో కనబడదు. అందుకని సమాసం విప్పి వాక్యంగా రాయమంటాను. ‘రెండుసార్లకు మించి గెలవకూడదు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

జవాబు: ప్రశ్న అడిగిన సభ్యురాలు

ధన్యవాదాలు మాస్టారూ. కానీ ‘సార్లు’ ఇక్కడి లెక్కకు సరిపోవడం లేదు. మామూలుగా కౌన్సిల్ సభ్యుడిది నాలుగేళ్ల పదవి. జనగణన తర్వాత నియోజకవర్గాల హద్దులు మారతాయి కాబట్టి ఇరవై ఏళ్లకోసారి రెండేళ్లవి రెండు వస్తాయి. 2021లో తొలిసారి గెలిచినవారు 2023లో మళ్లీ ఎన్నికకు వెళ్లారు. ఆ రెండు రెండేళ్లనూ కలిపి ఒక్కటిగానే లెక్కిస్తారు. అందువల్ల వారికి 2025లో కూడా పోటీకి వీలు కలిగింది. అంటే మూడుసార్లు గెలిచినా రెండు దాటనట్టే. మధ్యలో ఉప ఎన్నికలో గెలిచి మిగిలిన కొద్ది నెలలు పూర్తిచేస్తే అదీ లెక్కలోకి రాదు, పూర్తిగా ఉన్నవే లెక్క.

జవాబు: డెస్కు సభ్యుడు

అయితే ‘సార్లు’ పోయింది. గెలుపుల లెక్క వేరు, చట్టం లెక్క వేరు. ‘పర్యాయం’ కొంచెం బరువైన మాటే. ఇక్కడ ఆ బరువే పనికొస్తుంది. మొదటి పేరాలోనే ‘పర్యాయం అంటే నాలుగేళ్లు, రెండు రెండేళ్లు కలిసినా ఒక పర్యాయమే’ అని నిర్వచించేయండి. అలా మెడలు వంచుదామంటే రోజువారీ మాటలు లొంగవు.

జవాబు: సభ్యురాలు

ఇంకో చిక్కు. మేయర్‌కూ వర్తించే ఈ నియమం 1993లో ప్రజాభిప్రాయ సేకరణతో వచ్చింది. దాన్ని సడలించాలని 1996లో మళ్లీ ఓటుకు పెడితే జనం కాదన్నారు. 2008లో మేయర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్ రెండో పర్యాయం ముగింపుకొస్తుండగా, జనాన్ని అడగకుండా కౌన్సిలే 29–22 ఓట్లతో రెండును మూడు చేసింది. ఆ ఓటు వేసినవారిలో చాలామంది తామే మరుసటి ఏడాది దిగిపోవలసినవారు! 2010లో జనం మళ్లీ రెండుకు దించారు. అప్పటికే పదవిలో ఉన్నవారికి మాత్రం మూడో అవకాశం మిగిలింది. 2008 నాటి నిర్ణయాన్ని ‘పదవీకాలం పొడిగింపు’ అని రాశాను, సరేనా?

జవాబు: డెస్కు సభ్యుడు

వద్దు. మన దగ్గర పదవీకాలం పొడిగింపు అంటే ఎన్నిక లేకుండా ఉన్నవారినే కొనసాగించడం. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులకు ఆరు నెలలు పొడిగించినట్టు. బ్లూమ్‌బర్గ్ 2009లో మళ్లీ పోటీచేసి గెలిచాకే మూడోసారి కూర్చున్నారు. ‘మూడోసారి పోటీకి దారి చేసుకున్నారు’ అని రాయండి. మీ చిరాకు కూడా అందులో వినబడుతుంది.

జవాబు: మునిసిపల్ కార్యాలయంలో పనిచేసి రిటైరైన సభ్యుడు

నేనూ ఒక మాట చెబుతాను. రెండు పర్యాయాలు పూర్తయినవారిని ‘అనర్హులు’ అని రాయకండి. చట్టం దృష్టిలో అది తప్పు కాకపోవచ్చు. కానీ తెలుగు పత్రికలో అనర్హత అనగానే పక్కన ‘వేటు’ వచ్చి కూర్చుంటుంది. లెక్కలు చూపలేదనో, పార్టీ ఫిరాయించాడనో చదివేవారికి అనుమానం. ‘ఇక పోటీకి వీలులేదు’ చాలు.

మనకు ఈ నియమం లేదన్న మాట నిజమే. కానీ దాని పని కొంత రిజర్వేషన్ చేస్తుంది. 243టి ప్రకారం ఎస్సీ, ఎస్టీ, మహిళా స్థానాలు వార్డుల మధ్య రొటేషన్‌లో మారవచ్చు. వార్డు జనరల్ నుంచి మహిళకు మారిందని గెజిట్ వచ్చిన రోజు సాయంత్రం కార్యాలయం ముందు చూడాలి. సిట్టింగ్ కార్పొరేటర్ పక్క వార్డు ఓటర్ల జాబితా తిరగేస్తుంటాడు, లేదా భార్య ఓటరు కార్డు నకలు కోసం ఇంటికి మనిషిని పంపుతాడు. ఇక్కడ దిగిపోయేది మనిషి పదవీకాలం నిండినందుకు కాదు, వార్డు కేటాయింపు మారినందుకు. మా వాళ్లు దాన్ని ‘వార్డు పోయింది’ అంటారు.

నా అభిప్రాయం అడిగితే, కొత్త సభ్యుడికి ఫైలు ఏ బల్ల మీద ఆగిందో తెలియడానికే మొదటి రెండేళ్లు పోతాయి. రెండు పర్యాయాలకే ఇంటికి పంపితే పెత్తనం మావంటి ఉద్యోగుల చేతికి వస్తుంది. మాకేమీ నష్టం లేదనుకోండి!

జవాబు: సభ్యురాలు

భార్యను నిలబెట్టడం ఇక్కడా ఉందండీ. బ్రూక్లిన్‌లోని 42వ నియోజకవర్గంలో చార్లెస్ బారన్ 2002 నుంచి 2013 వరకు సభ్యుడు. తర్వాత ఆయన భార్య ఇనెజ్ బారన్ 2021 వరకు. 2022లో మళ్లీ చార్లెస్. ఆ మధ్యకాలంలో రాష్ట్ర అసెంబ్లీ స్థానం ఆమె నుంచి ఆయనకు మారింది. అంతా ఎన్నికల్లో గెలిచే, చట్టప్రకారమే. ఎందుకంటే నియమం వరుస పర్యాయాలకే. మధ్యలో ఒక పూర్తి పర్యాయం వదిలేస్తే మళ్లీ రావచ్చు. మన్‌హట్టన్‌లో గేల్ బ్రూవర్ కూడా అలాగే ఎనిమిదేళ్లు బరో ప్రెసిడెంట్‌గా, అంటే నగరంలోని ఆ భాగానికి ఎన్నికైన అధ్యక్షురాలిగా, ఉండి 2022లో కౌన్సిల్‌కు తిరిగొచ్చారు. ఆ మధ్య వదిలే కాలానికి మాట కావాలి.

జవాబు: చెన్నైలో స్థిరపడిన తెలుగు సభ్యుడు

‘ఎడం’ అనండి. ‘ఒక పర్యాయం ఎడం ఇచ్చి మళ్లీ పోటీచేయవచ్చు.’ ఇద్దరు పిల్లల మధ్య మూడేళ్ల ఎడం అంటాం కదా.

ఈ ఎడం ఆలోచన పాతదే. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుడి నాటి శాసనం ఉంది, పదో శతాబ్దం తొలినాళ్లది. ఊరిని 30 భాగాలు చేసి, తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి, చిన్నపిల్లవాడితో తీయించి వారియాలకు, అంటే కమిటీలకు, సభ్యులను ఎంచేవారు. గత మూడేళ్లలో ఏదైనా వారియంలో పనిచేసినవారి పేరు కుండలో వేయకూడదు. సభ్యత్వం 360 రోజులు. జీవితం మొత్తానికి లెక్క పెట్టలేదు, ఎడం మాత్రమే అడిగారు. భూమి, సొంత ఇల్లు, వేదపాఠం వంటి అర్హతలున్న బ్రాహ్మణ గ్రామంలోని కొద్దిమందికే ఈ కుండ. ఉపన్యాసాల్లో ఆ ముక్క వదిలేస్తుంటారు, అందుకని చెబుతున్నాను.

జవాబు: సభ్యురాలు

ఎడం ఎంత బాగుందో! ఇలా ఖాయం చేస్తున్నాను. శీర్షిక: ‘న్యూయార్క్ కౌన్సిల్‌లో వరుసగా రెండు పర్యాయాలే’. మొదటి వాక్యం: ‘వరుసగా రెండు పూర్తి పర్యాయాలు సభ్యులుగా ఉన్నవారు ఒక పర్యాయం ఎడం ఇస్తే తప్ప మళ్లీ పోటీచేయడానికి వీలులేదు.’

జవాబు: డెస్కు సభ్యుడు

బాగుంది. ‘రెండు వరుస పర్యాయాలు’ అనకుండా ‘వరుసగా రెండు’ అన్నారు, అదే తెలుగు వరుస. వ్యాసంలో లాస్ ఏంజెలెస్ ప్రస్తావన ఉంటే మాత్రం ఈ వాక్యాన్ని అక్కడ అతికించకండి. వారు 1993లో రెండు పెట్టుకుని, 2006లో కౌన్సిల్ సభ్యులకు మూడు చేసుకున్నారు. అక్కడ ఎడం ఇచ్చినా లాభం లేదు. ‘వరుసగా’ కొట్టేసి ‘జీవితంలో మొత్తం’ అని మార్చండి.