'టేక్ ఆఫ్'కు ఇన్ని అర్థాలు పిల్లలకు ఎలా చెప్పాలి?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. మొన్న 'టేక్ ఆఫ్' దగ్గర ఇరుక్కుపోయాను. భోగాపురంలో విమానం గాల్లోకి లేచినా అదే మాట, గుమ్మంలో చెప్పులు విడిచినా అదే మాట. రెండు రోజులు సెలవు తీసుకున్నా, వ్యాపారం ఉన్నట్టుండి పుంజుకున్నా, చివరికి ఎవరినైనా అనుకరించి నవ్వించినా అదే! ఈ చివరిది బ్రిటిష్ వాడుకలోనే ఎక్కువ.

మనకూ 'పెట్టు' ఉంది కదా అని సర్దిచెప్పాను: అన్నం పెట్టడం, పేరు పెట్టడం, పరుగు పెట్టడం. పిల్లలు ఒప్పుకున్నారు గానీ నాకే తృప్తి లేదు. 'ఆఫ్' అంటే ఉన్నచోటి నుంచి విడివడటం అనుకుంటే చెప్పులూ, విమానమూ, సెలవూ కుదురుతాయి. మరి అనుకరణ ఎలా కుదురుతుంది?

ఇంకో చిక్కు. చొక్కా విప్పమనేటప్పుడు 'ఇట్' వాడితే అది మధ్యలోనే రావాలి: 'టేక్ ఇట్ ఆఫ్'. విమానం విషయంలో అసలు కర్మే ఉండదు (వ్యాకరణంలోని కర్మ లెండి). ఈ తేడా పిల్లల మనసులో నిలిచే ఉపాయం ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. పట్టిక ఇచ్చి బట్టీ పట్టించమని మాత్రం అనకండి, అదీ చేసి చూశాను.