ప్రైమరీలో ఏ సిట్టింగ్ మీద మనిషిని నిలబెట్టాలి? ఎలా తేల్చుకుంటారు?

ఇర్వింగ్_ఓటరు:
మాది టెక్సాస్, డెమొక్రాట్ల వైపు పనిచేసే చిన్న లోకల్ గ్రూపు. గట్టిగా తిరిగే వాలంటీర్లు నలభై మంది. పోగుచేయగలిగేది మహా అయితే 60 వేల డాలర్లు. వచ్చే ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) మా పార్టీ సిట్టింగుల్లో ఒకరి మీద మనిషిని పెడదామని ఉంది. మూడు పేర్లు అనుకుంటున్నాం: ఒక కాంగ్రెస్ సభ్యుడు, ఒక రాష్ట్ర సెనేటర్, ఒక రాష్ట్ర హౌస్ (దిగువ సభ) సభ్యురాలు. సభలో ఎటు ఓటేశారో చూసి మార్కులేసే స్కోర్‌కార్డుల్లో అందరికన్నా అధ్వానం కాంగ్రెస్ సభ్యుడే. అందుకే సగం మంది ఆయన మీదే పెడదామంటున్నారు, ఇంకేమైనా అంటే "ఏఓసీ (న్యూయార్క్ అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్) గెలవలేదా" అంటారు. మిగతావాళ్ళు మధ్యే మార్గంగా సెనేటర్ అంటున్నారు. దేన్ని బట్టి తేల్చాలి? గ్రూపులో హెచ్‌1బీ వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఏం చేయొచ్చో కూడా చెప్పండి.

వాకింగ్‌లిస్ట్:
ముందు ఆ "మధ్యే మార్గం" సంగతి. టెక్సాస్‌లో రాష్ట్ర సెనేట్ సీట్లు 31, కాంగ్రెస్ సీట్లు 38. అంటే సెనేటర్ నియోజకవర్గమే పెద్దది: సుమారు 9.4 లక్షల జనాభా, కాంగ్రెస్‌ది 7.7 లక్షల లోపు. హౌస్‌లో 150 సీట్లు, ఒక్కోదానికి రెండు లక్షల లోపే. పైగా సెనేటర్లది నాలుగేళ్ళ పదవి, అందరూ ఒకేసారి ఎన్నికకు రారు. మీరనుకునే ఏడాదికి ఆ సీటు అసలు బ్యాలట్ మీద ఉంటుందో లేదో చూసుకున్నారా?

ఇక అసలు లెక్క. ఎవరు ఎంత చెడ్డవాళ్ళు అన్నది రెండో ప్రశ్న. మొదటిది, ఆ సీటులో మీ పార్టీ ప్రైమరీకి ఎంతమంది వస్తారన్నది. గత మూడు ప్రైమరీల పోలింగ్ సంఖ్యలు కౌంటీ వెబ్‌సైట్ల నుంచి తీసి, పోటీ ఉన్న ఏడాది, లేని ఏడాది విడివిడిగా రాసుకోండి. హౌస్ సీటులో 8 వేల మంది వస్తారనుకుంటే గెలవడానికి 4,001 కావాలి, జాగ్రత్తకు 4,500 అనుకోండి. ఒక వాలంటీరు గంటకు 15 తలుపులు తడతాడు, వాటిలో నాలుగు ఇళ్ళలో మనిషి దొరుకుతాడు. నలభై మంది శనివారం మూడేసి గంటలు తిరిగితే 1,800 తలుపులు, 480 మాటలు. పది వారాలకు 4,800. ఎదురైన వాళ్ళంతా మనకే వేయరు కాబట్టి ఒక్కో ఇంటికి రెండోసారి కూడా వెళ్ళాలి. హౌస్ సీటుకైతే ఇది అందే దూరమే. 50 వేల మంది ఓటేసే కాంగ్రెస్ ప్రైమరీలో ఇదే శ్రమ సముద్రంలో కాకిరెట్ట.

పది వారాలు ఎప్పట్నుంచి అన్నది కూడా చూసుకోండి. ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం, ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. అంటే తలుపులు తట్టే పని ఫిబ్రవరి మధ్యకే అయిపోవాలి. వెనక్కి లెక్కేస్తే డిసెంబరు మొదట్లో మొదలుపెట్టాలి, మధ్యలో క్రిస్మస్ వారాలు పనికి రావు కాబట్టి ఇంకా ముందే.

ఏఓసీ గురించి: 2018 జూన్‌లో సిట్టింగ్ కాంగ్రెస్ సభ్యుడు జో క్రౌలీ మీద ఆమె గెలిచిన ప్రైమరీలో పడిన ఓట్లు మొత్తం దాదాపు 30 వేలే, తేడా 4 వేల పైచిలుకు. క్రౌలీకి అంతకు ముందు ప్రైమరీ పోటీ వచ్చింది 2004లో. పద్నాలుగేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగే అవసరం రాని యంత్రాంగం అది. నియోజకవర్గంలో జనం మారిపోయారు, ఆయన వాషింగ్టన్‌లో పార్టీ పదవుల్లో ఉండిపోయారు. మీ కాంగ్రెస్ సభ్యుడికి ఇవన్నీ వర్తిస్తాయా? గత మూడు ప్రైమరీల్లో ఆయనకు ఎంత శాతం వచ్చిందో చూడండి. ఊరూపేరూ లేని ప్రత్యర్థి మీద కూడా 65 శాతం దాటకపోతే అక్కడ చోటుంది. 85 దాటితే వదిలేయండి.

గీతలూ_లెక్కలూ:
పై లెక్కతో ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. స్కోర్‌కార్డు ఒక్కటే నమ్మొద్దు. తుది ఓటింగులో అందరూ పార్టీ వైపే చేయెత్తుతారు. బిల్లును కమిటీలో తొక్కిపెట్టింది ఎవరు, సభ నడిపే పద్ధతి మీద వచ్చే తీర్మానాల్లో ఎటు వేశారు, ఏ బిల్లుకు పేరు కలపలేదు, ఇవి చూడాలి.

దీనికి న్యూయార్క్ రాష్ట్ర సెనేట్ కన్నా మంచి ఉదాహరణ లేదు. ఐడీసీ (ఇండిపెండెంట్ డెమొక్రటిక్ కాన్ఫరెన్స్) పేరుతో ఎనిమిది మంది డెమొక్రాట్లు వేరు కుంపటి పెట్టి రిపబ్లికన్లతో చేతులు కలిపారు. ఒక్కొక్కరి ఓటింగు రికార్డు విడిగా చూస్తే పెద్ద తప్పేమీ కనపడదు. నష్టమంతా సభ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దగ్గర జరిగింది. కార్యకర్తలు పట్టుకున్నది ఆ ఒక్క విషయాన్నే: "మీరు డెమొక్రాట్‌కు ఓటేశారు, ఆయన సభను రిపబ్లికన్లకు అప్పగించాడు." గడపలో అర నిమిషంలో చెప్పగలిగిన ఆరోపణ. 2018 ఏప్రిల్‌లో ఆ కూటమిని రద్దు చేసుకున్నా, సెప్టెంబరు 13 ప్రైమరీలో ఎనిమిది మందిలో ఆరుగురు ఓడిపోయారు, నాయకుడు జెఫ్ క్లెయిన్‌తో సహా.

మీ ముగ్గురి మీదా ఇలా తలా ఒక వాక్యం రాసి, గ్రూపుతో సంబంధం లేని పదిమందికి చదివి వినిపించండి. "అయితే ఏంటి" అన్నారంటే ఆ పేరు కొట్టేయండి.

ఇర్వింగ్_ఓటరు:
థాంక్సండీ. సెనేటర్ సీటు ఈసారి బ్యాలట్ మీదే లేదు, ఇప్పుడే చూశాను 🙂. ఇంకో భయం కూడా ఉంది. మనవాణ్ణి మనమే ఓడించి, నవంబరులో సీటు అవతలి పార్టీకి ఇచ్చేస్తే?

వాకింగ్‌లిస్ట్:
ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఇంట గెలిచి రచ్చలో ఓడినవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. 2022లో ఆరెగన్ ఐదో నియోజకవర్గంలో జేమీ మెక్‌లౌడ్-స్కినర్ ప్రైమరీలో సిట్టింగ్ కర్ట్ ష్రేడర్‌ను ఓడించింది, నవంబరులో సీటు రిపబ్లికన్ల చేతికి పోయింది. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం మూడో నియోజకవర్గంలో జో కెంట్ తన పార్టీ సిట్టింగ్ జేమీ హెరెరా బ్యూట్లర్‌ను ఆగస్టులోనే ఇంటికి పంపాడు, నవంబరులో డెమొక్రాట్ గెలిచింది. గత రెండు అధ్యక్ష ఎన్నికల్లో ఆ సీటులో మీ పార్టీ ఆధిక్యం పది శాతం దాటిందా లేదా చూడండి. దాటకపోతే అక్కడ ప్రైమరీ పెట్టడం నా దృష్టిలో జూదం.

నియోజకవర్గాల సరిహద్దు గీతలు మారాయేమో కూడా చూసుకోండి. టెక్సాస్‌లో 2025లో దశాబ్దం మధ్యలోనే కాంగ్రెస్ పటం మార్చారు. పాత గీతల మీది ఓట్ల లెక్కను కొత్త సీటుకు అంటిస్తే మొత్తం తప్పుతుంది. ఇల్లినాయిలో మారీ న్యూమన్ 2018లో సిట్టింగ్ లిపిన్‌స్కీ చేతిలో కొద్దిలో ఓడి, 2020లో గెలిచింది. 2022లో గీతలు మారాక ఇంకో సిట్టింగ్ మీద పోటీచేయాల్సి వచ్చి ఓడిపోయింది.

సంతకాల_సుబ్బు:
బాసూ, ఇంత లెక్కేసి చివరికి బ్యాలట్ మీద పేరే రాకపోతే? మన దేశంలోలా అధిష్ఠానం బీ-ఫారం ఇవ్వదు, దరఖాస్తు, ఫీజు, సంతకాలు మనమే చూసుకోవాలి. టెక్సాస్‌లో ఇది తేలికే: కాంగ్రెస్‌కు 3,125 డాలర్లు, రాష్ట్ర హౌస్‌కు 750. ఫీజు వద్దనుకుంటే 500 సంతకాలు. గడువు డిసెంబరు రెండో సోమవారం. 750 కట్టేయండి, సంతకాల జోలికి పోవద్దు.

సంతకాలు తప్పనిసరైన రాష్ట్రాల వాళ్ళు ఇది చదివితే: 2024లో డెట్రాయిట్‌లో సిట్టింగ్ కాంగ్రెస్ సభ్యుడు శ్రీ థానేదార్ మీద పోటీకి దిగిన ఆడమ్ హోలియర్ 1,553 సంతకాలు ఇచ్చాడు, కావలసింది వెయ్యి. చెల్లినవి 863. ప్రైమరీ బ్యాలట్ మీద పేరే లేకుండా పోయింది. సంతకం చేసినవాడు ఆ నియోజకవర్గం ఓటరు కాకపోవడం, చిరునామా తేడా, ఒకే చేతిరాత, ఇవీ మామూలుగా కొంప ముంచేవి. డబ్బిచ్చి సేకరించినవైతే ప్రతి షీటూ మీరే ఓటరు జాబితాతో సరిచూడాలి.

టెక్సాస్‌లో ఇంకో మెలిక, ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మేలో రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోలింగు. 2022లో జెసికా సిస్నేరోస్, సిట్టింగ్ హెన్రీ క్వేయర్ పోటీ మార్చిలో తేలలేదు, రనాఫ్ రీకౌంటింగ్ తర్వాత 289 ఓట్లతో ఆమె ఓడింది. ముగ్గురు దిగితే రెండో రౌండు ఖాయమనుకుని మీ 60 వేలలో మూడో వంతు పక్కన పెట్టండి. ప్రైమరీలో ఓడిన సిట్టింగ్ ఇండిపెండెంటుగా మళ్ళీ దిగుతాడన్న భయం మాత్రం ఇక్కడ లేదు, చట్టం ఒప్పుకోదు. కనెక్టికట్‌లో 2006లో లీబర్‌మన్ అలాగే దిగి సెనేట్ సీటు నిలబెట్టుకున్నాడు.

గీతలూ_లెక్కలూ:
ఓటరు జాబితా గురించి ఎవరూ చెప్పలేదు. డెమొక్రాట్ల ప్రచారాలు ఎక్కువగా వాడే వ్యాన్ అనే ఓటర్ల డేటాబేసును, సిట్టింగ్ మీద పోటీ అంటే కొన్ని రాష్ట్రాల పార్టీలు ఇవ్వవు. ముందే అడగండి. ఇవ్వకపోతే కౌంటీ నుంచి జాబితా కొనుక్కోండి. టెక్సాస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు గానీ, ఎవరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారో రికార్డులో ఉంటుంది. గత మూడు ప్రైమరీల్లో రెండుసార్లు వచ్చినవాళ్ళు మీ మొదటి జాబితా. ఎప్పుడూ ప్రైమరీకి రాని కొత్త పౌరుల మీద, మనవాళ్ళే అయినా సరే, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకటి. రాష్ట్ర స్థాయి పదవులకు టెక్సాస్‌లో వ్యక్తుల విరాళాలకు పరిమితి లేదు. చివరి రెండు వారాల్లో ఆ హౌస్ సభ్యురాలికి ఒక్క చెక్కుతో మీ బడ్జెట్‌కు ఐదింతలు రావచ్చు. ఆమెకు పాత విరాళాలు ఎవరిచ్చారో టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ సైట్లో ముందే చదివి పెట్టుకోండి.

వీసా_గోల:
హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 వాళ్ళు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. కాంగ్రెస్ పోటీకే కాదు, సిటీ కౌన్సిల్‌కు కూడా ఇదే రూలు. పౌరసత్వం ఉన్న ఫ్రెండ్ పేరు మీద ఇప్పించడం ఇంకా పెద్ద నేరం. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు, ఓటు మాత్రం లేదు. డీపీఎస్ ఆఫీసుకు డ్రైవింగ్ లైసెన్సు పని మీద వెళ్ళినప్పుడు ఓటరు నమోదు గడిలో టిక్కు పెట్టకండి, తర్వాత పౌరసత్వానికి ఎసరు వస్తుంది.

జీతం లేకుండా తలుపులు తట్టడం, ఫోన్లు చేయడం వీసా వాళ్ళు కూడా చేయొచ్చు. కానీ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఎవరికి ఇవ్వాలి అని తేల్చే నిర్ణయాల్లో పాలుపంచుకోకూడదు. "ఎవరి మీద పోటీ పెట్టాలి" అని మీరు ఓటింగు పెట్టుకునే వాట్సాప్ గ్రూపులో బడ్జెట్ మాటలు కూడా నడుస్తుంటే, ఆ రెండింటికీ ఇవాళే వేర్వేరు గ్రూపులు చేయండి. తెలుగు సంఘం, గుడి హాలు, వాళ్ళ ఈమెయిల్ లిస్టు వాడొద్దు. 501(సి)(3) సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థలు, అభ్యర్థుల తరఫున గానీ వ్యతిరేకంగా గానీ పనిచేయకూడదు.