వూకామర్స్ నుంచి షాపిఫైకి మారుతున్నాం, పాత లింకుల సంగతేంటి?

ప్రశ్న: మా ఆన్‌లైన్ స్టోర్‌లో (వూకామర్స్, షాపిఫై రెండూ ఇలాంటి స్టోర్లు నడిపే సాఫ్ట్‌వేర్లే) 600 దాకా ప్రొడక్టులున్నాయి. అవి సీఎస్‌వీ ఫైలుతో (పట్టికలాంటి డేటా ఫైలు) వెళ్లిపోతాయి కానీ, గూగుల్‌లో కనిపించే పాత లింకులు, కస్టమర్ల పాస్‌వర్డ్‌లు ఏమవుతాయో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాస్‌వర్డ్‌లు రావండి. అవి హ్యాష్ రూపంలో, అంటే తిరిగి చదవలేని కోడ్‌లా ఉంటాయి కాబట్టి కొత్త చోట పనికిరావు. కస్టమర్లకు ముందే మెయిల్ పెట్టండి, లేకపోతే లాగిన్ అవ్వట్లేదని కంగారుపడతారు.

మరో జవాబు: అసలు పని లింకులదే. షాపిఫైలో ప్రతి ప్రొడక్టు లింకులోనూ 'ప్రొడక్ట్స్' అన్న మాట తప్పకుండా వస్తుంది, దాన్ని మనం మార్చలేం, అందుకే పాత లింకులన్నిటికీ 301 రీడైరెక్ట్‌లు (పాత లింకు నొక్కినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టాల్సిందే. నేను మారినప్పుడు కేటగిరీ పేజీలు మర్చిపోయి చాలా నష్టపోయాను.

ప్రశ్న అడిగినవారు: కేటగిరీలు నా లిస్టులో లేనే లేవు, థాంక్సండీ! పాత సైట్ వెంటనే తీసేయొచ్చా?

జవాబు: వద్దు, పాత ఆర్డర్ల రిటర్నులు పూర్తయ్యేదాకా వేరే సబ్‌డొమైన్‌లో (మీ సైట్ పేరుకు ముందు మరో మాట చేర్చిన చిరునామా) ఉంచండి.