అప్‌డేట్: గోథా ప్యాలెస్ చూసొచ్చాం

జర్మనీలో ఎర్ఫుర్ట్ నుంచి వెళ్ళి గోథాలోని ఫ్రీడెన్‌ష్టైన్ ప్యాలెస్‌ని ఒక్క పూటలో చూడొచ్చా అని అడిగాను కదా. భవనం వరకైతే చాలు, తోటలూ కావాలంటే రోజంతా ఉంచుకోండి.

1643లో ఎర్న్‌స్ట్ డ్యూక్ మొదలుపెట్టిన కట్టడం బయటికి బోసిగానే ఉంటుంది. అసలు సరుకంతా లోపలి ఎఖోఫ్ థియేటర్లో! స్టేజీ కింద ఇరుసు తిప్పితే తాళ్ళు లాగి, రెండు పక్కలా ఉన్న సీను పలకలన్నీ ఒకేసారి మారిపోతాయట. 17వ శతాబ్దపు ఏర్పాటది. మామయ్యగారైతే అక్కణ్ణించి కదల్లేదు. 1979లో ఈ ప్యాలెస్ నుంచే ఐదు పెయింటింగులు దొంగలెత్తుకెళ్తే, దొరకడానికి నలభయ్యేళ్ళు పట్టింది.

పార్కు చెరువులోని దీవి మీద రెండో ఎర్న్‌స్ట్ డ్యూక్ సమాధి ఉంది. ట్రామ్ ఎక్కమన్నవాళ్ళకి థాంక్స్, కానీ స్టేషన్ నుంచి పార్కు మీదుగా నడకే హాయి.