అప్‌డేట్: నాయనతో తీర్థన్ లోయకు పోయొచ్చినాం

అరవై దాటిన నాయనను హిమాచల్‌లోని తీర్థన్ లోయకు తీసుకుపోవచ్చా అని మొన్నామధ్య అడిగింటిని కదా, పోయొచ్చినాం.

తిరుపతిలో సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి మనాలి బస్సు. మీరు చెప్పినట్టే ఔట్ సొరంగానికి ముందే దిగినాం. నిద్రపోతే బస్సు సొరంగం దాటేస్తుంది, కండక్టరుకు ముందే చెప్పి పెట్టుకోండి. అక్కడి నుంచి బంజార్ మీదుగా లోయలోని గుషైనీ ఊరికి జీపు.

ఏటా అలిపిరి మెట్లెక్కే మనిషి కాబట్టి మోకాళ్ల గురించి నేను పడిన బెంగంతా వృథా. ఇబ్బంది పెట్టింది చలి. జలోరీ కనుమ 3,000 మీటర్లు పైనే, మే నెలలో కూడా గాలి చెవులు కోసేస్తుంది. మంకీ క్యాపు మరవద్దండి.

కనుమ నుంచి సెరోల్సర్ చెరువుకు అయిదు కిలోమీటర్లు, ఓక్ చెట్ల నీడలోనే దారి. గట్టున బూఢీ నాగిన్ అమ్మవారి గుడి, మొక్కు తీర్చుకునేటోళ్లు అమ్మవారికి నెయ్యి ఇస్తారు. నీళ్లలో ఆకు రాలితే పిట్ట వచ్చి ఏరేస్తుందని అక్కడోళ్ల నమ్మకం. నాయన చాలాసేపు కూర్చుని చూసినాడు. పిట్ట రాలేదు, ఆకులైతే గట్టు పక్కన బాగానే తేలుతున్నాయి!

తిండి భయం వద్దు. గోధుమపిండితో చేసి ఆవిరి మీద ఉడికించిన సిడ్డూ, పైన వేడి నెయ్యి. "మన కుడుమే గదప్పా" అని నాయన రెండోది అడిగి పెట్టించుకున్నాడు.

2014లో యునెస్కో గుర్తింపు పొందిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపలికి మేం పోలేదు. దానికి పర్మిట్ కావాల. నగదు మాత్రం దండిగా పెట్టుకోండి.