అప్‌డేట్: అమ్మానాన్నల్ని చివరికి ఏ సినిమాకి తీసుకెళ్లానంటే

2025 సంక్రాంతికి మూడు పెద్ద సినిమాలొచ్చాయి, అమ్మానాన్నలతో ఏది చూడాలి అని అడిగాను కదా. ఎక్కువమంది ‘సంక్రాంతికి వస్తున్నాం’ అన్నారు. విజయవాడ గాంధీనగర్‌లో సెకండ్ షోకి టికెట్లు దొరికాయి.

కథలో పెద్దగా పస లేదు. ఆ కిడ్నాప్ గొడవంతా నాకు సాగదీసినట్టే అనిపించింది. కానీ భార్యాభర్తలుగా వెంకటేష్, ఐశ్వర్యా రాజేష్ కీచులాటలు మాత్రం మా ఇంట్లో కెమెరా పెట్టి తీశారా అన్నట్టున్నాయి. మాజీ ప్రేయసిగా మీనాక్షి చౌదరి దిగగానే అమ్మ నాన్నవైపు ఒక చూపు చూసింది. ఆయన పాప్‌కార్న్‌లో తల దూర్చేశారు. సినిమాలో వెంకటేష్ కొడుకు బుల్లిరాజు బూతులకి నేను ఇబ్బందిపడి చస్తుంటే, హాల్లో అందరికంటే గట్టిగా నవ్వింది అమ్మే! ‘గోదారి గట్టు’ పాటలో రమణ గోగుల గొంతు వినగానే నాన్న కూడా హుషారైపోయారు.

ఏసీ సరిగ్గా పనిచేయలేదు, సమోసా చల్లారిపోయింది. సర్లెండి.

‘గేమ్ ఛేంజర్’ చూడమన్నవాళ్ల కోసం: తర్వాత ఒక్కడినే వెళ్లాను. అప్పన్న ఫ్లాష్‌బ్యాక్‌లో రామ్ చరణ్ బాగా చేశాడు. మిగతాదంతా దర్శకుడు శంకర్ పాత సినిమాల వాసనే. ‘డాకు మహారాజ్’ ఇంకా చూడలేదు. నాన్న రెడీ, అమ్మే ఒప్పుకోవాలి.