ఇర్వింగ్‌లో నాలుగేళ్ల పాప, ప్రీ-కె: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న, ఇర్వింగ్ నుంచి:

అందరికీ నమస్కారం. మేం గుంటూరు నుంచి ఈమధ్యే అమెరికాలో టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చాం. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4 వీసా. పాపకు జులైలో నాలుగేళ్లు నిండుతాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ, ఇంగ్లిష్‌లో రంగుల పేర్లు, రెండు మూడు రైమ్స్ తప్ప ఏమీ రావు. ఇక్కడి డేకేర్ ఫీజులు వింటే భయమేస్తోంది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటారట, అక్కడ దింపుదామా అని ఆలోచిస్తున్నాం. ఇంకో సంగతి, నేను ఊళ్లో ప్రీస్కూల్ టీచర్‌గా చేశాను. ఇక్కడ ఆ పని చెయ్యాలంటే దారేమిటి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు, కోపెల్ నుంచి:

చెల్లీ, ముందు మీ డబ్బు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం ఇంకా రాని పిల్లలకు ప్రభుత్వ బడిలో ప్రీ-కె, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది క్లాసు, ఉచితం. ఈ అర్హతకు మీ ఆదాయంతో పనిలేదు. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకు, సైన్యంలో పనిచేసేవాళ్ల పిల్లలకు వేరే అర్హతలున్నాయి. మీ పాపకు భాష ఒక్కటే చాలు. 2019లో వచ్చిన హౌస్ బిల్ 3 అనే రాష్ట్ర చట్టం ప్రకారం అర్హులైన నాలుగేళ్ల పిల్లలకు క్లాసు సగం రోజు కాదు, పూర్తి రోజు నడవాలి. మనవాళ్లు చాలామంది ఇది పేదవాళ్లకే అనుకుని అసలు అడగనే అడగరు. అడగండి.

మొదట మీ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థ, పేర్లలో ఐఎస్‌డీ అని ఉంటుంది) కిందికి వస్తుందో చూసుకోండి. అడ్రస్‌లో ఇర్వింగ్ అని ఉన్నంత మాత్రాన అది ఇర్వింగ్ ఐఎస్‌డీ అయిపోదు. లాస్ కోలినాస్, వ్యాలీ రాంచ్ వైపు కొన్ని వీధులు కోపెల్ ఐఎస్‌డీలోకి, కొన్ని క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీలోకి వస్తాయి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే తెలుస్తుంది. పాప పాస్‌పోర్ట్ లేదా బర్త్ సర్టిఫికెట్, లీజు కాగితం, కరెంటు బిల్లు, టీకాల కార్డు సిద్ధంగా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్ల ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది అని అడుగుతారు. అక్కడ తెలుగు అని రాయండి. ఉన్నదే రాయండి. మన ఇళ్లలో ఎంతోమంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. పిల్లను వెనకబడిన గుంపులో వేస్తారనో, టీచర్లు చిన్నచూపు చూస్తారనో భయం. అలా రాసిన మరుక్షణం భాష వల్ల వచ్చే అర్హత పోతుంది. పరీక్ష జరిగాక ఆ కాగితం మార్చడం కుదరదు. ప్రీ-కె క్లాసులో సహాయకురాలిగా పనిచేస్తున్నాను కాబట్టి, ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. చేతికందిన సాయం మనమే వద్దనుకుంటున్నాం.

తెలుగు అని రాస్తే ఏమవుతుందంటే, పాపను పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపించి, చిన్న చిన్న మాటలు అడిగి ఇంగ్లిష్ ఎంత వచ్చో చూస్తారు. దీనికోసం ఇంట్లో ఏబీసీడీలు బట్టీ పట్టించకండి. ఇంగ్లిష్ ఇంకా రాదని తేలితే ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంటి భాషతోపాటు ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల) అని నమోదు చేసి, భాష మీద అదనంగా సాయం చేస్తారు. కిండర్‌గార్టెన్ నుంచి ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష ఉంటుంది. ఒకటో తరగతి చివరి నుంచి, స్థాయికి చేరిన పిల్లల్ని ఆ జాబితాలోంచి తీసేస్తారు. ఇందులో అవమానం ఏమీ లేదు.

ఇంట్లో మాత్రం తెలుగు ఆపకండి. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయనేది అపోహ. స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా కూడా ఇదే చెబుతుంది. పడుకునేముందు తెలుగులో కథ చదవండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఎన్నో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ కోసం పబ్లిక్ లైబ్రరీ స్టోరీటైమ్‌కు తీసుకెళ్లండి, అదీ ఉచితమే. అక్కడ పాప తోటిపిల్లల మధ్య కూర్చోవడం, వంతు కోసం ఆగడం అలవాటు చేసుకుంటుంది. బడి మొదలయ్యాక మొదటి నెలలో పిల్లలు ఎక్కువ ఇబ్బంది పడేది అక్షరాలతో కాదు, వీటితోనే.

పక్కింటావిడ సంగతి. ఆవిడ మంచివారే అయ్యుండొచ్చు. అయినా చూసుకుని దింపండి. టెక్సస్‌లో సొంతవాళ్లు కాని పిల్లల్ని ఇంట్లో రోజూ డబ్బులకు చూసుకోవాలంటే రాష్ట్రం దగ్గర నమోదు ఉండాలి. సెర్చ్ టెక్సస్ చైల్డ్ కేర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరు గానీ అడ్రస్ గానీ కొడితే నమోదు ఉందో లేదో తెలుస్తుంది. తనిఖీల్లో ఏ తప్పులు పట్టుకున్నారో కూడా ఉంటుంది. పెద్ద డేకేర్లనూ అక్కడే చూడండి. రాష్ట్ర నియమం ప్రకారం నాలుగేళ్ల పిల్లలు 18 మందికి ఒక టీచర్ ఉంటే చాలు. నా దృష్టిలో అది ఎక్కువే. జాతీయ స్థాయిలో ప్రీస్కూళ్లకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏఈవైసీ (NAEYC) సంస్థ 10 మందికి ఒకరు ఉండాలంటుంది. చూడటానికి వెళ్లినప్పుడు తలలు లెక్కపెట్టండి.

ఇంకో జవాబు, ప్లేనో నుంచి:

అక్క చెప్పినదానికి నాదొక మాట. పాపకు కాకపోయినా ఇది చదివే మిగతా తల్లులకు పనికొస్తుంది. మాటలు రావడం లేదనో, పిలిస్తే పలకడం లేదనో అనుమానం ఉంటే, మగపిల్లాడు కదా ఆలస్యంగానే వస్తాయిలే అని కూర్చోకండి. మూడేళ్లు నిండకముందైతే చిన్నపిల్లల ఎదుగుదల సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం టెక్సస్ ఈసీఐకి మీరే ఫోన్ చేయొచ్చు, డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఉచితంగా పరీక్షిస్తారు. మూడు నిండితే స్కూల్ డిస్ట్రిక్ట్ బాధ్యత. బడిలో ఇంకా చేరకపోయినా సరే, పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకు గడువు పట్టదు. రాసి ఇస్తే బడి నడిచే 15 రోజుల్లో జవాబివ్వాలి. వీలైనంతవరకు పిల్లల సొంత భాషలోనే పరీక్షించాలని చట్టం చెబుతుంది, కాబట్టి తెలుగు దుబాసీని అడగండి. ముందుగా మీరే చూసుకోవాలనుకుంటే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల మైల్‌స్టోన్ ట్రాకర్ ఆప్ ఉంది. రెండు నెలల నుంచి ఐదేళ్ల వరకు ఏ వయసుకు ఏం చేస్తారో అందులో ఉంటుంది.

మళ్లీ ఇర్వింగ్ నుంచి:

ఇద్దరికీ చాలా థాంక్స్ అక్కా. ఈ సర్వే గురించి ఎవరూ చెప్పలేదు. టీకాలు గుంటూరులో ప్రభుత్వ ఆసుపత్రిలోనే వేయించాం, అవి సరిపోతాయా? నా ఉద్యోగం గురించి కూడా కాస్త చెప్పండి.

జవాబు, కోపెల్ నుంచి:

ఉద్యోగం సంగతి ముందు. హెచ్-4 మీద ఈఏడీ కార్డు (పని అనుమతి) లేకుండా పనిచేయకూడదు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం ముఖ్యంగా మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే దరఖాస్తు) ఆమోదం పొందితే ఆ కార్డుకు పెట్టుకోవచ్చు. మామూలుగా జీతమిచ్చే పనిని డేకేర్‌లో ఊరికే చేసిపెట్టినా చిక్కే, అటార్నీని అడగకుండా ఒప్పుకోకండి. చదువుకు మాత్రం అడ్డులేదు. చిన్నపిల్లల టీచర్లకు ఇచ్చే సీడీఏ అనే సర్టిఫికెట్‌కు 120 గంటల శిక్షణ, పిల్లలతో 480 గంటల అనుభవం, పోర్ట్‌ఫోలియో, ఒక పరీక్ష ఉంటాయి. శిక్షణ గంటలు ఇప్పుడే పూర్తి చేసుకోండి. డాలస్ కాలేజీ నార్త్ లేక్ క్యాంపస్ మీ ఇర్వింగ్‌లోనే ఉంది, ఆ కాలేజీలో ఎర్లీ చైల్డ్‌హుడ్‌లో డిగ్రీ వరకు చదవొచ్చు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ అగ్రిలైఫ్ వాళ్ల ఆన్‌లైన్ శిక్షణల్లో కొన్ని ఉచితం. ప్రభుత్వ బడిలో టీచర్ కావాలంటే డిగ్రీ, రాష్ట్ర సర్టిఫికేషన్ కావాలి. మన డిగ్రీని ఇక్కడి సంస్థతో ఇవాల్యుయేషన్ చేయించాలి. ఊళ్లోని బడి నుంచి మీ అనుభవ పత్రం, ఏ వయసు పిల్లలకు చెప్పారో రాయించి, ఇప్పుడే తెప్పించుకోండి.

టీకాలు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేస్తారు, ఇక్కడ అడిగేది ఎంఎంఆర్, అంటే గవదబిళ్లలది కూడా కలిసినది. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ మన ప్రభుత్వ జాబితాలో లేవు, ఇక్కడ బడికి కావాలి. ఇన్సూరెన్స్ ఇంకా మొదలవకపోతే పిల్లలకు టీకాలు ఉచితంగా ఇచ్చే వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ పథకం ఉన్న క్లినిక్ ఏదో కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌ను అడగండి. హెపటైటిస్-ఎ రెండు డోసుల మధ్య కనీసం ఆరు నెలలు ఆగాలి, అందుకే మొదటిది ఈ వారమే వేయించండి. పాత కార్డు అసలుదే పట్టుకెళ్లండి. తేదీ కనబడని డోసును వాళ్లు లెక్కలోకి తీసుకోరు.